జూబ్లీ హాలూ, దాని చుట్టూ తోటా

శుక్రవారం

రాజమండ్రి నుంచి వచ్చే రాత్రి బండి తెల్లవారకముందే సికింద్రాబాదులో దింపింది. రెడ్ హిల్స్‌లోని మామయ్య ఇంటికి చేరేసరికి ఆయన మఫ్లరు చుట్టుకుని వరండాలో పచార్లు చేస్తున్నారు.

"కాఫీ తాగి వచ్చెయ్యి అమ్మాయ్. ఎండెక్కితే ఆ తోటలో మనుషులు మారిపోతారు" అన్నారు.

హైదరాబాదు మా అమ్మ పుట్టిల్లు. చిన్నప్పుడు వేసవి సెలవులకు వచ్చినా చార్మినారు, జూపార్కు, ట్యాంక్‌బండు దాటి చూసింది లేదు. ఈసారి పబ్లిక్ గార్డెన్స్‌లోని జూబ్లీ హాలు చూడాలని వచ్చాను. ఒక రాజు పాలన జ్ఞాపకార్థం నిలిచిన మందిరం రాజులు పోయిన తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలని ఎప్పటినుంచో కుతూహలం. మామయ్యది వేరే లోకం. ఆయన నాంపల్లి దగ్గరి ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ మధ్యాహ్నం క్యారేజీ ఆ తోటలోనే విప్పేవారట. నేను హాలంటే ఆయన తోటంటారు. ఈ ప్రయాణమంతా ఆ పేచీతోనే నడిచింది.

బాగ్-ఎ-ఆమ్ పేరుతో ఈ తోట 1846లో వెలిసింది. గేటు దాటగానే నాంపల్లి రోడ్డు హోరు సగం తగ్గింది. నడకకు వచ్చినవాళ్లు అప్పటికే మంచి వేగంలో ఉన్నారు. బురఖాల కింద తెల్లని బూట్లు వేసుకున్న అక్కచెల్లెళ్లు, చేతికర్రను నేలకు ఆనించకుండా భుజాన పెట్టుకుని నడిచే పెద్దాయన, చెట్టు కింద గుంపుగా నిలబడి చేతులెత్తి పగలబడి నవ్వుతున్న బృందం. ఆ నవ్వులకు కొమ్మల్లోని చిలకలు బెదిరి లేచిపోతున్నాయి. ఆరోగ్యం కోసం నవ్వడం నాకు ఎప్పుడూ కొరుకుడు పడదు గానీ వాళ్లలో ఒకాయనకు నిజంగానే నవ్వు ఆగలేదు. మిగతావాళ్లంతా ఆయన్ని చూసి నవ్వుతున్నారు.

"అక్కడ జంతువులు ఉండేవి" అని మామయ్య ఒక మూలకు చెయ్యి చూపించారు. హైదరాబాదు జంతుప్రదర్శనశాల మొదట ఈ తోటలోనే ఉండేది. బహదూర్‌పురాలో నెహ్రూ జూ పార్కు 1963లో తెరిచాక పులులూ సింహాలూ అక్కడికి వెళ్లిపోయాయి. చిన్నపిల్లాడిగా తాతయ్య భుజాల మీద కూర్చుని చూసిన పులి ఆయనకు ఇంకా గుర్తే. ఆ పులికి నా పెళ్లిలో ఎవరెవరు వచ్చారో కన్నా ఎక్కువ వివరంగా వర్ణన దక్కింది.

ఖాళీ అయిన చోట్లు ఖాళీగా ఉండలేదు. తోటలో మ్యూజియం ఉంది, బాలభవన్ ఉంది, ఇందిరా ప్రియదర్శిని ఆడిటోరియం ఉంది, లలిత కళాతోరణం ఉంది, తెల్లగా మెరిసే షాహీ మసీదు ఉంది. ఒక్కొక్కటి విడిగా చూస్తే దేన్నీ కాదనలేం. కలిపి చూస్తే మాత్రం చెట్లు భవనాల సందుల్లో సర్దుకుని నిలబడినట్టు ఉంటుంది.

జూబ్లీ హాలు ముందు ఆగాం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కారు. పాతికేళ్లు 1936లో నిండాయి. ఆ జనవరిలోనే బ్రిటన్ రాజు అయిదో జార్జి మరణించడంతో రజతోత్సవం వాయిదా పడి 1937 ఫిబ్రవరిలో జరిగింది. ఆ నెల 22నాటి టైమ్ పత్రిక ముఖచిత్రంగా నిజాం బొమ్మ వేసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాసింది. ఆ ధనవంతుడు పండుగ చేసుకున్న చోటు ఇదే.

మొదటి చూపులో నాకు నిరాశే కలిగింది. ఇంత డబ్బున్న మనిషి వేడుకకు ఇంతేనా అనిపించింది. తెల్లని గోడలు, పొందికైన ఆకారం, అంతే. ఫలక్‌నుమా ఆడంబరం, చౌమహల్లా షాండ్లియర్ల తళుకు ఊహించుకుని వచ్చేవారికి ఇది ఒక పెద్ద కచేరీ భవనంలా కనిపిస్తుంది. తలుపులు మూసి ఉన్నాయి. లోపల ఏదైనా సభ ఉంటేనే తీస్తామని కాపలా మనిషి మర్యాదగానే చెప్పాడు. నేను మెట్ల చుట్టూ తిరిగి, కిటికీల ఎత్తు చూసి, ఫొటోలు తీస్తున్నంతసేపూ మామయ్య వెనక్కి తిరిగి మైదానం వైపే చూస్తూ నిలబడ్డారు.

"దర్బారుకు హాలు సరిపోతుంది. జనం ఎక్కడ నిలబడ్డారనుకున్నావు?" అన్నారు.

నేనూ వెనక్కి తిరిగాను. అటు నుంచి చూస్తే భవనం కొలత మారిపోయింది. దాని ఎదుటి పచ్చిక మైదానంతో కలిపితే గానీ ఆ గోడల ఎత్తుకు అర్థం కనిపించదు. లోపల పెద్దలు, బయట జనం, మధ్యలో తలుపులు: ఆ రోజుల్లో రాజ్యం నడిచిన పద్ధతి కూడా అదే కదా. 2019లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర అవతరణ వేడుకను పెరేడ్ గ్రౌండ్స్ నుంచి ఇక్కడికే తెచ్చింది. జెండా ఎగిరింది బయటే, మైదానంలో.

రజతోత్సవం జరిగిన మరుసటి ఏడే, 1938లో, ఈ తోటలో ఇంకో జాతర పుట్టింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు కొందరు కలిసి స్థానిక వస్తువుల ప్రదర్శన పెట్టారు. అదే నుమాయిష్. మొదట కొద్దిపాటి దుకాణాలతో మొదలై, తోట చాలక 1946లో పక్కనే ఉన్న ఇప్పటి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారింది. మేం వెళ్లింది జనవరి కాబట్టి సాయంత్రం అత్తయ్యతో కలిసి నుమాయిష్ కూడా చూశాం. దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అత్తయ్య కాశ్మీరు శాలువా బేరం చేసింది, మామయ్య మిర్చిబజ్జీ తిన్నారు, నేను జనంలో నలిగాను.

అంతకుముందు, మధ్యాహ్నం, తోటకు ఆనుకుని ఉన్న పాత అసెంబ్లీ భవనాన్ని చూశాం. లోపలికి వెళ్లే వీలు లేదు గనక రోడ్డు నుంచే. నేను వెతుక్కుంటూ వచ్చిన స్మారక మందిరం అసలు ఇదేనేమో అనిపించింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 40వ పుట్టినరోజు గుర్తుగా నగర ప్రజలు చందాలు వేసుకుని ఈ టౌన్ హాలును 1905లో మొదలుపెట్టారు. పని పూర్తయింది 1913లో. మహబూబ్ 1911లోనే కన్నుమూశారు. పుట్టినరోజు కానుకగా మొదలైన కట్టడం అందుకోవలసిన మనిషి లేకుండానే పూర్తయింది. ఇరానీ, మొఘల్, రాజస్థానీ పోకడలు కలగలిసిన ఆ గుమ్మటాలు, ఛత్రీలు, జరోకాల్లో జూబ్లీ హాలులో కనిపించని సరదా ఉంది. చందాలిచ్చినవారి ఇష్టం కొంత అందులో చేరిందని నా ఊహ.

1952 ఎన్నికల తర్వాత హైదరాబాదు రాష్ట్ర శాసనసభ ఈ మందిరంలో కొలువుదీరింది. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ సభకూ ఇదే ఇల్లయింది. తర్వాత పక్కనే కొత్త సభామందిరం వచ్చింది. రాజుకు ఇచ్చిన హాలు రాజ్యాంగం చేతికి రావడానికి నలభై ఏళ్లు పట్టింది.

రోడ్డు అవతల గన్‌పార్కు. మీదుగా మెట్రో వంతెన. రైల్లో వెళ్లేవారికి గుమ్మటాలు కళ్ల ఎత్తులో కనిపిస్తాయి, నేల మీద నిలబడ్డవారికి మాత్రం స్తంభాలు అడ్డం. గన్‌పార్కులోని అమరవీరుల స్తూపం 1969 తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు కోల్పోయినవారిది. ఉద్యమకారుల లెక్క 369 మంది. 1970లో అప్పటి మేయర్ లక్ష్మీనారాయణ ముదిరాజ్ శంకుస్థాపన చేశారు. శిల్పి ఎక్కా యాదగిరిరావు. స్తూపం పైన ఉన్న పువ్వుకు తొమ్మిది రేకులు, అప్పటి తెలంగాణ జిల్లాలు తొమ్మిది కాబట్టి. చిన్న స్థలం. చుట్టూ కొద్దిపాటి పచ్చిక. ఒక కుర్రవాడు స్తూపం ఎదుట చెప్పులు విడిచి, దండం పెట్టి, మళ్లీ చెప్పులు తొడుక్కుని బస్సు కోసం పరుగెత్తాడు. అటు టౌన్ హాలు, ఇటు స్తూపం. జనమే చందాలు వేసుకుని రాజును తలుచుకున్న కాలానికీ, తమ పిల్లల్ని తలుచుకున్న కాలానికీ మధ్య ఒక్క రోడ్డే ఉంది.

రాత్రి భోజనాల దగ్గర చర్చ చట్టాల మీదకు మళ్లింది. ఫైళ్ల మధ్య బతికిన మనిషి కదా, మామయ్యకు ఇవి కంఠతా వచ్చు. హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ జోనల్ నిబంధనల్లో 13వది వారసత్వ కట్టడాలకు రక్ష. దాని కింద ప్రకటించిన జాబితాలో దాదాపు 150 కట్టడాలు ఉండేవి. అసెంబ్లీ, జూబ్లీ హాలు వాటిలోవే. నన్ను ఆశ్చర్యపరిచింది మరొకటి: ఆ నిబంధన కింద కొన్ని కొండరాళ్ల వరసలకు కూడా రక్షణ ఇచ్చారు. కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు గుండ్లను కట్టడాలతో సమానంగా చూసిన నగరం మన దేశంలో అరుదు. 2015 డిసెంబరులో ఆ నిబంధనను ప్రభుత్వం ఎత్తేసింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్ ప్యాలెస్ స్థలంలో కొత్త అసెంబ్లీ కడతామన్న మంత్రివర్గ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది.

"గోడలకు చట్టం ఉంది. చెట్టుకు ఎవరున్నారు?" అన్నారు మామయ్య పెరుగన్నం కలుపుకుంటూ.

"గోడ కూలితే మళ్లీ అలాంటిది కట్టలేం మామయ్యా. చెట్టు పోతే ఇంకోటి నాటొచ్చు."

"నాటి చూడు. నేను మళ్లీ గుమాస్తాగా పుట్టి రిటైరయ్యేలోపు నీడ ఇస్తుందేమో."

శనివారం

మామయ్య పంతం పట్టి ముందు అఫ్జల్‌గంజ్ తీసుకెళ్లారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ముసలి చింతచెట్టు కోసం. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద వేల ప్రాణాలు తీసింది. దాదాపు 15,000 మంది అంటారు. అప్పుడు ఈ చెట్టు కొమ్మలెక్కి సుమారు 150 మంది బతికారు. ఏటా ఆ తేదీన చెట్టు కింద చేరి పోయినవారిని తలుచుకునేవారు ఉన్నారు.

ఆసుపత్రి రద్దీలో దానికోసం అడిగితే కొందరు వింతగా చూశారు. రోగుల బంధువులు ఒకరిద్దరు నీడలో దుప్పటి పరుచుకుని కూర్చున్నారు. కాండం మీద చెయ్యి పెట్టి పైకి చూస్తే నూట యాభై మంది ఎలా పట్టారా అని అనుమానం వచ్చింది. కొమ్మలు లెక్కపెట్టే కొద్దీ అది తగ్గింది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకుని తాను మాత్రం ప్రాణాలతో బయటపడ్డాడు. అంతటి దెబ్బ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద ఎగువన రెండు జలాశయాలు వచ్చాయి: 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. నగరానికి మంచినీళ్లు కూడా అలాగే దక్కాయి.

నిన్నటి నా వాదనకు ఇది జవాబని మామయ్య నోరు తెరిచి చెప్పలేదు. చెప్పకపోవడంలోనే గర్వం కనిపించింది.

నయాపూల్ దాటి పురానీ హవేలీకి నడిచాం. నిజాం మ్యూజియం ఇందులోనే. 2000 ఫిబ్రవరిలో తెరిచారు. 1937 రజతోత్సవానికి వచ్చిన కానుకలు, జ్ఞాపికలు ప్రధానంగా ఇక్కడివి. జూబ్లీ హాలు తలుపులు మూసి ఉన్నందుకు నాకున్న లోటు ఇక్కడ తీరింది. వేడుకలో వాడిన బంగారుపూత కొయ్య సింహాసనం ఉంది. నగరంలోని ముఖ్య కట్టడాల వెండి నమూనాలు ఉన్నాయి. వాటితో పాటు జూబ్లీ పెవిలియన్‌కు బంగారు నమూనా.

ఆ నమూనా ముందు చాలాసేపు నిలబడ్డాను. తోటలో సాదాగా కనిపించిన కట్టడం అరచేతి సైజుకు దగ్గరగా, బంగారంలో, అద్దం వెనక ఎంత ఠీవిగా ఉందో! ఏ చెట్టూ లేదు, ఏ జనమూ లేదు, నడకకు వచ్చేవారి నవ్వూ లేదు. దాన్ని చేయించినవారికి భవనం కావలసి వచ్చింది గానీ చోటు అక్కర్లేకపోయింది. మామయ్య కళ్లద్దాలు సవరించుకుని వంగి చూసి, "పచ్చిక వెయ్యలేదే" అన్నారు. పక్కన ఉన్న కాలేజీ అమ్మాయిలు నవ్వారు.

వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సు కథ అక్కడికి వచ్చే ప్రతి ఒక్కరికీ కావాలి. 2018 సెప్టెంబరులో దొంగలు గోడలోని గాలి సందు గుండా దిగి దాన్నీ, కొన్ని విలువైన పాత్రలనూ ఎత్తుకుపోయారు. వారం తిరగ్గానే పోలీసులు పట్టుకున్నారు. దొంగల్లో ఒకడు ఆ బాక్సులో భోజనం కూడా చేశాడని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. నిజాం స్వయంగా దాంట్లో తిన్నట్టు మాత్రం ఎవరూ చెప్పరు. పొదుపరితనానికి పేరుపడ్డ మనిషి కదా.

మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా గురించి రెండు మాటలు. అది బీరువా కాదు, ఒక వసారా. భవనం ఒక పక్క పొడవునా, రెండు అంతస్తుల్లో, మధ్య చేత్తో తిప్పే కొయ్య లిఫ్టుతో. వేసిన బట్ట మళ్లీ వేసేవారు కాదని ప్రతీతి. జనం చందాలతో కట్టిన టౌన్ హాలును కళ్లారా చూసుకోలేకపోయిన రాజు ఆయనే. ఆ బీరువా తలుపుల మధ్య నడుస్తుంటే ఆయన మీద జాలి పడాలో, చందా వేసినవారి మీద పడాలో నాకు తేలలేదు.

తిరుగు దారిలో కోఠి దగ్గర దిగాం. నిజాం కొలువులోని కంపెనీ ప్రతినిధి నివాసం, బ్రిటిష్ రెసిడెన్సీ ఇక్కడే. 1803 ప్రాంతంలో రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ మొదలుపెట్టించాడు. నమూనా గీసింది మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. డబ్బు నిజాముది, దర్పం కంపెనీది. 1857 జులైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం దీని మీద దాడి చేశారు. 1949 నుంచి ఇక్కడ మహిళా కళాశాల నడిచింది, 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైంది. 2002లో ఈ భవనం, ప్రపంచ స్మారక నిధి సంస్థ ప్రకటించిన, ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేరింది. ఏళ్ల తరబడి మరమ్మతులు జరిగాక మళ్లీ నిలదొక్కుకుంది. ఒకప్పుడు దీని తోటలు మూసీ వైపు సాగేవి. ఇప్పుడు ఆ దారిలో బస్సులు, తోపుడుబండ్లు, పాత పుస్తకాల దుకాణాలు. మామయ్య ఇక్కడ ఏమీ అనలేదు. పాత పుస్తకాల దగ్గర ఆగిపోయారు.

ఆదివారం

ఉదయమే కుతుబ్‌షాహీ సమాధులకు బయల్దేరాం. జూబ్లీ హాలు యాత్రలో సమాధులెందుకని అత్తయ్య అడిగింది. "నా మేనకోడలికి గోడలు, నాకు తోట. ఇద్దరికీ సరిపోయేది అదొక్కటే" అని మామయ్య తేల్చేశారు. ఆమె పులిహోర కట్టి ఇచ్చింది. తాను మాత్రం రానంది, ఆదివారం పూట శ్మశానానికి ఎవరు వస్తారని.

నూరెకరాలు దాటిన ఆవరణ ఇది. సమాధులు, మసీదులు, దిగుడు బావులు, హమాం అనే స్నానశాల అన్నీ కలిపి వందకు పైగా కట్టడాలు. 2013లో రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు పునరుద్ధరణ చేపట్టింది. పని ముగిసి 2024 జులైలో అధికారికంగా అప్పగించారు. చిన్నప్పుడు పిక్నిక్‌కు తెచ్చినప్పటి నల్లని గోడలు, పిచ్చిమొక్కలు నాకు కొంచెం గుర్తున్నాయి. ఇప్పుడు గుమ్మటాల మీద పాత సిమెంటు పూతలు ఒలిచేసి డంగుసున్నం పూశారు. ఉదయపు ఎండలో ఆ తెలుపు కళ్లకు గుచ్చుకోదు.

నేను మొదట వెళ్లింది నగరం స్థాపించిన మహమ్మద్ కులీ సమాధికి కాదు, ఆయన తండ్రి ఇబ్రహీం దగ్గరకు. మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్న పాదుషా ఈయనే. యువకుడిగా అన్నకు భయపడి విజయనగరం పారిపోయి అళియ రామరాయల నీడలో ఏళ్ల తరబడి ఉన్నాడు. తెలుగు రుచి అక్కడ పట్టింది. తిరిగి వచ్చి 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలాడు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఈయనకే అంకితమిచ్చాడు. ఈయన కొలువులోని అమీన్‌ఖాన్‌కు పొన్నిగంటి తెలగనార్యుడు అచ్చతెలుగు కావ్యం యయాతి చరిత్రను అంకితం చేశాడు. ఆశ్రయమిచ్చిన రామరాయల మీదకే 1565లో మిగతా సుల్తానులతో కలిసి కత్తి దూసినవాడూ ఈ ఇబ్రహీమే. సమాధి గోడ మీద ఒకప్పటి రంగు పింగాణీ పలకల ముక్కలు ఇంకా అంటిపెట్టుకుని ఉన్నాయి. నీలం, ఆకుపచ్చ. కట్టడమంతా ఆ రంగుల్లో ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఊహించుకోవడానికి ఆ కొన్ని ముక్కలే ఆధారం.

మహమ్మద్ కులీ సమాధి పెద్దది, సుమారు 140 అడుగుల ఎత్తు. వేదిక ఎక్కితే గోల్కొండ కోట కనిపిస్తుంది. ఆయన కూతురు హయత్ బక్షీ బేగం సమాధి, పక్కన ఆమె పేరిటి మసీదు ఒక చూపులో కుదురుతాయి. చివరి పాదుషా, మన రామదాసు కథలోని తానీషా మాత్రం ఇక్కడ లేడు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక దౌలతాబాదు కోటలో బందీగా చనిపోయాడు. సమాధి ఖుల్దాబాదులో.

మామయ్య అసలు ఆగింది బడీ బావోలీ దగ్గర. 2013 వానలకు ఈ దిగుడు బావి గోడ ఒక పక్క కూలిపోయింది. రాళ్లు ఏరి, పూడిక తీసి, మళ్లీ లేపారు. ఇక్కడి బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. నాకు నచ్చింది పురస్కారం కాదు, అక్కడి తోటమాలి చెప్పిన సంగతి. వాన నీరు బావుల్లో చేరుతుంది, ఆ నీటితోనే మొక్కలు తడుస్తాయి. సమాధులు కట్టినవారు ముందు నీటి దారి చూసుకున్నారు. మరమ్మతు చేసినవారు గోడలకు సున్నం పూసి ఊరుకోకుండా అదే దారిని తిరిగి తెరిచారు. జూబ్లీ హాలు దగ్గర నాకూ మామయ్యకూ వచ్చిన పేచీ ఇక్కడ పుట్టే అవకాశమే లేదు. ఏది కట్టడం, ఏది చోటు అని విడదీయబోతే నీళ్లు దొరకవు.

"అయితే పబ్లిక్ గార్డెన్స్‌కు కూడా ఇలా ఎందుకు చెయ్యకూడదు?" అని అడిగాను.

"ఇక్కడ పడుకున్నవాళ్లు కొత్త ఆఫీసు గది కావాలని అడగరు అమ్మాయ్" అన్నారు.

ఒక వేప కింద పులిహోర విప్పాం. తర్వాత ఆయన పదిహేను నిమిషాలు నిద్రపోయారు.

సోమవారం

సాయంత్రం బండి. మధ్యాహ్నం దాకా ఖాళీ. శుక్రవారం సెలవు కావడంతో వదిలేసిన రాష్ట్ర మ్యూజియానికి వెళ్లాం. బడిపిల్లల బారు నేరుగా ఈజిప్టు మమ్మీ గదికే పోతుంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చిన మమ్మీని ఏడో నిజాం 1930లో మ్యూజియానికి ఇచ్చారు. ఇప్పుడు ఆక్సిజన్ చొరబడని అద్దాల పెట్టెలో ఉంది. పిల్లలు దాన్ని చూసి కాసేపు నిశ్శబ్దంగా ఉండి, బయటికి రాగానే రెట్టింపు అల్లరి చేశారు. అజంతా చిత్రాల నకళ్లు, చోళుల కంచు విగ్రహాలు బాగున్నాయి. అయితే వెలుతురు అంతంతమాత్రం.

నేను ఎక్కువసేపు ఉన్నది ఏలేశ్వరం మండపంలో. కృష్ణ ఒడ్డున ఉన్న ఏలేశ్వరం నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోయింది. మునగకముందు అక్కడ తవ్వకాలు జరిపి బయటపడ్డ శిల్పాలను, రాతి ముక్కలను ఇక్కడికి తరలించారు. ఊరు నీటి అడుగున ఉంది, రాళ్లు నాంపల్లిలో ఉన్నాయి. సాగర్ లేకపోతే పొలాలు లేవు, కాదనను. కానీ ఏ రాయి ఏ గుడి మెట్టుకు ఎదురుగా ఉండేదో, నది ఎటు పారేదో, ఆ రాతిని చూసి ఇక ఎవరికీ తెలియదు. చోటు పోయాక మిగిలిన కట్టడం ఎలా ఉంటుందో నగరంలో అంతకంటే బాగా చెప్పే గది లేదు. మామయ్యను పిలిచి చూపించాను. ఆయన అప్పటికే బయట బెంచీ మీద ఒక పాత సహోద్యోగితో డీఏ బకాయిల గురించి మాట్లాడుతున్నారు.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట. రాష్ట్ర మ్యూజియం, నిజాం మ్యూజియం, కుతుబ్‌షాహీ సమాధులు మూడింటికీ శుక్రవారమే సెలవు. ఆ రోజును తోటకు, గన్‌పార్కుకు ఉంచుకోండి. అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగితే రెండూ నడక దూరమే. జూబ్లీ హాలులో ఏదైనా సభ ఉందేమో ముందుగా కనుక్కుంటే లోపల కూడా చూడవచ్చు. చింతచెట్టు కోసం వెళ్తే ఆసుపత్రి గేటు దగ్గర ఆటోలు ఆపనివ్వరు, కాస్త దూరంలోనే దిగండి. సమాధులకు కనీసం సగం రోజు పెట్టుకోండి, తాగునీళ్లు వెంట తీసుకెళ్లండి. మండు వేసవిలో అయితే ఆ రాతి వేదికల మీద పదింటి తర్వాత కాలు పెట్టలేరు.